కొత్త తాడు మెట్లను మాలిమి చేసుకోవడం: మంచె ఎక్కేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

మా పొలం ఉదయగిరి అవతల, వెలిగొండల అంచున ఉంది. గట్టు మీద పాత చింతచెట్టు, దాని మీద మంచె. వేరుశనగ ఊడలు దిగిన దగ్గర్నుంచి కాయ పీకేదాకా రాత్రుళ్ళు ఇంట్లో ఎవరో ఒకరం ఆ మంచె మీదే పడుకోవాలి. లేకపోతే తెల్లారేసరికి అడవిపందులు చేను చేనంతా తిరగేసి పోతాయి. మంచెకు ఆనించిన వెదురు నిచ్చెనకు చెదలు పట్టింది. చెట్టుకు మేకులు కొట్టి మెట్లు చేయడం నాకు ఇష్టం లేదు. కొట్టినచోట చెట్టు కుళ్ళుతుంది, మేకు వదులవుతుంది. అందుకే తాడు మెట్లు చేయించాను.

తాడు మెట్టు అంటే ఒక్కో మెట్టుకు దాని తాడు దానికే ఉంటుంది. మెట్టును మానుకు ఆనించి, తాడును చుట్టూ తిప్పి బిగిస్తే అదే నిలబడుతుంది. పని అయ్యాక విప్పి సంచిలో వేసుకోవచ్చు. అమెరికాలో జింకల వేటకు చెట్టెక్కేవాళ్ళు ఇలాంటివి బాగా వాడతారు. మన దగ్గర వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చేనికి కాపలా కాయడానికి, చింతకాయ దులపడానికి, మామిడి కొమ్మలు కత్తిరించడానికి మాత్రం ఈ మెట్లు చక్కగా పనికొస్తాయి. పందుల కోసం చేని చుట్టూ కరెంటు తీగ పెట్టడం కంటే లైటు, డబ్బా పట్టుకుని మంచె మీద కూర్చోవడం వెయ్యి రెట్లు మేలు. ఆ తీగకు పందులే కాదు, చీకట్లో నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మనుషులూ చచ్చిపోతున్నారు.

మెట్లు ఇంటికి తెచ్చిన రోజు రాత్రే వాటి మీద మంచె ఎక్కాను. ఎక్కేటప్పుడు బాగానే ఉన్నాయి. తెల్లవారుజామున మంచులో దిగుతుంటే మూడో మెట్టు నా కాలి కింద జానెడు కిందికి జారింది. మానును కావిలించుకుని ఆగాను కాబట్టి మోకాటి కింద తోలు లేచిపోవడంతో సరిపోయింది. పొద్దున్నే మా నాయన ఆ తాడును చేత్తో వంచి చూసి, "ఒరే అబ్బయ్యా, కొత్త పలుపును నానేసి, గుంజకు కట్టి లాక్కుండానే కోడె మెడకేస్తామా? నువ్వేమో దాని మీద ప్రాణం పెట్టావు" అన్నాడు. ఆ తర్వాత పది రోజులు ఆ మెట్లను నేల మీదే మాలిమి చేసుకున్నాను. ఆ పది రోజుల్లో చేసింది, నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కొత్త తాడు ఎందుకు సాగుతుంది

ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. తాడు సాగడంలో రెండు రకాలున్నాయి. మొదటిది, అల్లికలో పేటలు ఒకదానిలో ఒకటి సర్దుకోవడం. కొత్తగా అల్లిన తాడులో పేటల మధ్య ఖాళీ ఉంటుంది, బరువు పడేకొద్దీ అవి దగ్గరకు చేరతాయి, తాడు కాస్త పొడుగవుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. రెండోది దారం స్వభావం. బరువు వేస్తే సాగుతుంది, తీస్తే ముడుచుకుంటుంది, తాడు పాడయ్యేదాకా ఆ గుణం పోదు. మనం మాలిమి చేసి వదిలించగలిగేది మొదటిదాన్నే. రెండోది తక్కువుండాలంటే తాడు కొనేటప్పుడే చూసి కొనాలి.

ముందు తాడు సంగతి

అంగట్లో "నైలాన్ తాడు" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. పసుపుపచ్చ, నీలం రంగుల్లో దొరికే చౌక ప్లాస్టిక్ తాడు చాలావరకు పాలీప్రొపిలీన్. అది నున్నగా ఉంటుంది, ముడి జారుతుంది, మన ఎండకు తొందరగా పెళుసుబారుతుంది. కొనే ముందు చిన్న ముక్క అడిగి నీళ్ళ బకెట్‌లో వేసి చేత్తో ఒకసారి ముంచండి. తేలితే పాలీప్రొపిలీనో, పాలిథీనో అయి ఉంటుంది, దాన్ని మెట్లకు వాడొద్దు. మునిగితే నైలానో, పాలిస్టరో అయి ఉంటుంది.

ఆ రెండింటిలో నా ఓటు పాలిస్టర్‌కే. నైలాన్ గట్టిదే, కానీ ఎక్కువ సాగుతుంది, నీళ్ళు పీలుస్తుంది. తడిస్తే బలం పది, పదిహేను శాతం దాకా తగ్గుతుంది. మనకు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లోనే. ఆ తర్వాత మంచు. మంచె అవసరం ఎక్కువగా పడేది ఆ నెలల్లోనే. పాలిస్టర్ తడిసినా పెద్దగా మారదు. కొబ్బరి తాడు, నార తాడు పశువులకు బాగుంటాయి గానీ, తడిసి ఎండి లోపల ఎక్కడ కుళ్ళిందో బయటికి కనిపించదు. మనిషి బరువుకు వద్దు.

మూడు పేటల పురి తాడు కంటే జడలా అల్లిన తాడు మంచిది. పురి తాడు బరువు పడినప్పుడల్లా తిరగాలని చూస్తుంది, మెట్టును పక్కకు తిప్పుతుంది. లావు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటే చేతికి పట్టు దొరుకుతుంది. పొడుగు లెక్కకు చెట్టు చుట్టుకొలత చూసుకోండి. నాలుగు అడుగుల చుట్టుకొలతకు రెండు చుట్లు ఎనిమిది అడుగులు, కొమ్ములకు చుట్టడానికి, తోకకు మూడు అడుగులు. నేను పన్నెండు అడుగులు కోయించాను. తక్కువైతే అతికించలేం.

కోసిన కొసలను కొవ్వొత్తి మంట మీద కరిగించి, పేటలు ఊడకుండా పైన గట్టి దారం చుట్టండి. కరిగిన కొసను వేలితో నొక్కొద్దు, చర్మానికి అంటుకుని వదలదు.

మెట్టును తడిమి చూడడం

నా మెట్టు ఇనుముది. ఆరంగుళాల వీపు పట్టీ, దానికి కింద రెండు పళ్ళు, పైన తాడు దూరే కన్నం, పక్కలకు రెండు పొట్టి కొమ్ములు, ముందుకు పాదం పెట్టే పలక. కాలి బరువు పలక ముక్కు మీద పడగానే పైభాగం చెట్టు నుంచి బయటికి రావాలని చూస్తుంది, తాడు దాన్ని పట్టి ఆపుతుంది. కింది పళ్ళు బెరడులోకి దిగుతాయి. తాడు పైన, పళ్ళు కింద ఎంత దూరంలో ఉంటే పట్టు అంత బాగుంటుంది.

వెల్డింగ్ షాపులో చేసిన మెట్టుకు కన్నం అంచులు కత్తిలా ఉంటాయి. నాకు చేసిచ్చినవాళ్ళు ఒక్క కన్నం కూడా రుద్దలేదు. పాత పంచె గుడ్డ ముక్కను కన్నంలోంచి అటూ ఇటూ లాగండి. దారప్పోగు ఒక్కటి తగులుకున్నా ఆకురాయితో గుండ్రంగా రుద్ది, మళ్ళీ గుడ్డ లాగి చూడండి. పోగును పట్టే అంచు రేపు తాడును కోస్తుంది. వెల్డింగ్ అతుకులను చిన్న సుత్తితో కొట్టి వినండి, మంచి అతుకు గంటలా మోగుతుంది, పగులున్నది బొద్దుగా పలుకుతుంది. అనుమానంగా ఉన్నదాన్ని మళ్ళీ అతికించుకోండి, ఆ పని తాడు ఎక్కించకముందే చేయాలి. తుప్పు పట్టకుండా రంగు వేయండి గానీ పాదం పెట్టే పలక మీద నున్నటి రంగు వద్దు. తడి చెప్పు జారుతుంది. నేను పలక మీద తడి రంగులో ఇసుక చల్లాను.

నానబెట్టడం, లాగడం

కొత్త తాడుకు తయారీలో పూసిన నూనెలాంటి జిగురు ఉంటుంది. అది ఉన్నంతకాలం ముడి సరిగా కూర్చోదు. ఒక రాత్రంతా మంచినీళ్ళలో నానేసి, పొద్దున బాగా పిసికి, నీళ్ళు మార్చి ఇంకోసారి కడగండి. సబ్బు, సర్ఫు వేయక్కర్లేదు.

తర్వాత తడిగా ఉండగానే లాగాలి. తాడు మీద పెన్నుతో రెండు గీతలు, సరిగ్గా ఆరడుగుల దూరంలో పెట్టండి. ఒక కొసను గట్టి కొమ్మకు కట్టి, రెండో కొసకు యూరియా బస్తా వేలాడదీయండి. ఇప్పుడు వచ్చే బస్తా 45 కిలోలు, నేల నుంచి బెత్తెడు ఎత్తులో ఉంటే చాలు. దాని కింద ఎవరూ కూర్చోకుండా, ముఖ్యంగా పిల్లలు ఊయల అనుకోకుండా చూసుకోండి. మూడు పేటల తాడే వాడుతుంటే బస్తా తిరగకుండా పక్కకు ఇంకో తాడుతో కట్టండి, లేకపోతే పురి విప్పుకుంటుంది. నీడలోనే ఆరనివ్వండి. రేకుల మీద ఎండబెట్టడం తాడును చేతులారా చంపుకోవడమే.

సాయంత్రం బస్తా దించి, తాడు ఒక గంట ఊపిరి తీసుకున్నాక గీతల మధ్య దూరం కొలవండి. మళ్ళీ వేలాడదీయండి. మొదటి రోజు నా తాడు గీతల మధ్య మూడు వేళ్ళ వెడల్పు పెరిగింది. రెండో రోజు అందులో సగం. నాలుగో రోజుకు కొలత కదల్లేదు. అలా కొలత ఆగినప్పుడే లాగుడు అయినట్టు. రోజుల లెక్క నమ్మొద్దు, గీతల లెక్కే నమ్మండి.

తాడు ఎక్కించి, మోకాలి ఎత్తులో

తాడు కొసను కన్నంలోంచి దూర్చి, వెనక ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేయండి. కన్నంలోంచి జారిపోనంత పెద్దగా ఉండాలి, ముడి తర్వాత కనీసం జానెడు తోక మిగలాలి. మామూలు పీటముడి వేస్తే బరువు పడ్డాక రాయిలా బిగిసి, తర్వాత పరీక్షకు కూడా విప్పలేం. ఏ ముడి వేసినా ఆ మలుపు దగ్గర తాడు బలం మూడో వంతు దాకా, కొన్ని ముడులకు సగం దాకా తగ్గుతుందని గుర్తుంచుకోండి. తాడు మీద రాసిన బరువును చూసి మురిసిపోకుండా, అందులో పదో వంతుకే లెక్క కట్టుకోవడం మంచిది.

ఇక చెట్టు. చింత, ముదిరిన వేప, నల్లతుమ్మ బెరడు గరుకుగా ఉండి పళ్ళకు పట్టు ఇస్తాయి. జామాయిల్ మా వైపు ఎక్కడ చూసినా ఉంది, అందుకే ముందే చెప్తున్నాను, దానికి కట్టొద్దు. బెరడు పొరలు పొరలుగా ఊడుతుంది, మెట్టు ఆ పొరతో సహా జారుతుంది. మునగ పెళుసు. ఎండిన చెట్టు ఏదైనా వద్దు. కట్టే ముందు మాను చుట్టూ తిరిగి తొర్రలు, తేనెపట్టు, చీమల గూళ్ళు చూడండి.

మొదటి మెట్టు మోకాలి ఎత్తులో కట్టండి. ఇక్కడే అసలు పని ఉంది, తొందరపడకండి.

వీపు పట్టీని మానుకు ఆనించి, ముక్కు రెండు వేళ్ళంత పైకి లేచి ఉండేలా పట్టుకోండి. తాడును మాను చుట్టూ రెండుసార్లు, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా పక్కపక్కన తిప్పండి. వెనక వైపు తాడు కిందికి వాలకుండా, ముందున్నంత ఎత్తులోనే ఉందో లేదో వెళ్ళి చూడండి. తెచ్చి కొమ్ముల మీద ఎనిమిది అంకెలా నాలుగుసార్లు చుట్టి, చివరి చుట్టు కింద తోకను దూర్చి బిగించండి. ఇప్పుడు ముక్కును అరచేత్తో కిందికి నొక్కండి. తాడు కిర్రుమని బిగిసి, పళ్ళు బెరడులో కూర్చుని, ముక్కు నేలకు సమానంగా ఆగాలి.

ముక్కు నేలకు సమానంగా ఆగడం తాడు మెట్టులో అన్నిటికంటే పెద్ద గుర్తు. నొక్కినా పైకే చూస్తుంటే అవసరానికి మించి బిగించారు, పళ్ళు దిగలేదు. కిందికి వాలితే తాడు సాగింది, లేదా చుట్టు వదులు. వాలిన ముక్కు మీద కాలు పెట్టొద్దు.

మెట్టు కింది అంచు దగ్గర బెరడు మీద సుద్దముక్కతో గీత గీయండి. ముందు చేత్తో ఊపండి. తర్వాత ఒక కాలితో తొక్కండి. తర్వాత మానును పట్టుకుని రెండు కాళ్ళతో పూర్తి బరువు వేయండి. నిమిషం నిలబడండి. దిగి గీత చూడండి. విప్పండి. మళ్ళీ కట్టండి. ఒక్కో మెట్టుకు ఇలా ఇరవైసార్లు చేశాను. మొదటి రోజు మెట్టు గీతకు వేలెడు కిందికి వచ్చేది. ఐదారుసార్లయ్యాక గోరంత. ఇరవయ్యోసారికి గీత మీదే కూర్చుంది. ఈలోగా కన్నం దగ్గర, కొమ్ముల దగ్గర తాడు ఒంపు తిరిగి దాని చోటు అది గుర్తుపెట్టుకుంటుంది, చేతికి మెత్తబడుతుంది. ఏ మెట్టుకు ఏ తాడో మార్చకండి. నేను మెట్టు వెనక, తాడు తోక మీద ఒకే అంకె రాసుకున్నాను.

నిలువుగా తొక్కితే సరిపోదు. దిగేటప్పుడు కాలు పక్కనుంచి వస్తుంది, అప్పుడే మెట్టు పక్కకు తిరుగుతుంది. పలక పక్క అంచు మీద పాదం పెట్టి, కుడికీ ఎడమకీ మెల్లగా తోయండి. తిరిగితే పళ్ళు సరిగ్గా దిగలేదని అర్థం. విప్పి మళ్ళీ సరిగ్గా కట్టి చూడండి. అయినా తిరిగితే ఆ చోట మాను గుండ్రంగా లేదు, చోటు మార్చండి.

మంచె మీదికి మోసుకెళ్ళే దుప్పటి, నీళ్ళ సీసా, లైటు, టార్చి బ్యాటరీ అన్నీ వీపున వేసుకుని కూడా చేయండి. చెప్పులు కూడా రాత్రి వేసుకునేవే. పగలు బూట్లతో పరీక్ష చేసి రాత్రి హవాయి చెప్పులతో ఎక్కితే ఆ పరీక్ష ఎందుకూ పనికిరాదు. అసలు హవాయి చెప్పులతో ఎక్కనే వద్దు.

తడిలో, చీకట్లో

పొడి తాడు పరీక్ష అయ్యాక కట్టిన మెట్ల మీద బిందెడు నీళ్ళు పోయండి. అరగంట ఆగి సుద్ద గీత చూసి, పూర్తి బరువుతో తొక్కండి. నా మెట్టు జారింది మంచులోనే కాబట్టి ఈ పరీక్ష విషయంలో నేను ఎవరి మాటా వినను. తడి బెరడు మీద పళ్ళు పట్టకపోతే పళ్ళను ఆకురాయితో కాస్త పదును పెట్టాలి, కత్తిలా కాదు, కొడవలి పళ్ళంత చాలు.

తర్వాత కళ్ళు మూసుకుని కట్టడం. నవ్వొచ్చేలా ఉంటుంది గానీ, మంచె మీద ఉండగా టార్చి చచ్చిపోతే ముడి ఎక్కడుందో, తోక దూరిందో లేదో వేళ్ళే చెప్పాలి. మోకాలి ఎత్తులోనే కళ్ళు మూసుకుని పదిసార్లు కట్టి విప్పండి. వేళ్ళకు అలవాటైతే అర్ధరాత్రి టెన్షన్ ఉండదు.

పైకి

రెండో మెట్టును మొదటిదాని కంటే అడుగున్నర ఎత్తులో, కాస్త పక్కకు కట్టండి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వస్తే కాళ్ళు తడబడవు. రెండు మెట్లతో రెండు రోజులు, నాలుగు మెట్లతో రెండు రోజులు దిగుతూ ఎక్కుతూ ఉండండి. ఒక్కసారిగా మంచె దాకా కట్టేయొద్దు.

మనిషి ఎత్తు దాటిన దగ్గర్నుంచి ఒంటికి వేరే కట్టు ఉండాలి. నడుముకు మాత్రమే ఉండే బెల్టు చాలదు, పడితే కడుపును నొక్కేస్తుంది. భుజాలు, తొడలు పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కొనండి, ఎత్తైన బిల్డింగుల మీద పని చేసేవాళ్ళు వేసుకునేది. దాని తాడును మెట్ల తాళ్ళతో సంబంధం లేకుండా మానుకు విడిగా చుట్టి, ఎప్పుడూ ఛాతీకి పైనే ఉండేలా జరుపుకుంటూ పోండి. పడి వేలాడితే కొన్ని నిమిషాల్లోనే కాళ్ళలో రక్తం నిలిచి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. అందుకే జేబులో పొట్టి తాడు ఉచ్చు ఒకటి ఉండాలి, హార్నెస్‌కు కట్టి కాలు దూర్చి లేవడానికి. మొదటి రోజుల్లో కింద ఒక మనిషి లేకుండా ఎక్కొద్దు. మా నాయన పక్కనే వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని, నేను దిగేదాకా కదిలేవాడు కాదు.

మెట్టు నుంచి మంచె మీదికి మారే అడుగులోనే ఎక్కువ ప్రమాదం. చివరి మెట్టు మంచె పలకలకు పైన ఉండాలి, పక్కన పట్టుకోవడానికి కొమ్మ ఉండాలి. అప్పుడు మంచె మీదికి కిందికి అడుగు వేస్తాం. మంచె పైన ఉండి, మెట్టు కింద ఉంటే పాకుతూ ఎక్కాలి, మెట్టును వెనక్కి తన్నేస్తాం. చాలామంది కట్టేది అలాగే, మా పాత నిచ్చెన కూడా అలాగే ఉండేది.

వాడుతూ ఉండగా

ఎక్కే ముందు ప్రతిసారీ కింది నుంచి పైకి మెట్ల ముక్కులు చూడండి. ఒక్కటి వాలినా ఎక్కకుండా, కింద నిలబడి అందేది బిగించండి, అందనిదాన్ని దాని కింది మెట్టు మీద హార్నెస్ కట్టుకుని బిగించండి. కాపలా కాలం అయిపోగానే మెట్లు విప్పేయండి. వదిలేస్తే చెట్టు లావెక్కి తాడు బెరడులోకి కోసుకుపోతుంది, ఎండ కూడా తాడును తినేస్తుంది.

దాచేటప్పుడు ఎరువుల గదిలో పెట్టొద్దు. స్ప్రే పంపు బ్యాటరీ యాసిడ్ ఆవిరి నైలాన్‌ను తినేస్తుంది. పాలిస్టర్‌కు సున్నం, కాస్టిక్ లాంటి క్షారాలు పడవు. ఎలుకలు రెండింటినీ కొరుకుతాయి. నేను గోనెసంచిలో వేసి దూలానికి వేలాడదీస్తాను.

ఏడాదికోసారి, వేరుశనగ విత్తే ముందు, తాడును అంగుళం అంగుళం వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. ఒకచోట గట్టిగా పుల్లలా తగిలినా, మెరుస్తూ కరిగినట్టున్నా, పోగులు లేచి లోపలి పేటలు కనిపించినా, కన్నం దగ్గర సన్నబడినా ఆ తాడు పని అయిపోయింది. దాన్ని అలాగే మూలన పడేస్తే ఇంట్లో ఇంకెవరో తీసి మెట్టుకు కట్టేస్తారు. అందుకే మా ఇంట్లో రెండడుగుల ముక్కలుగా కోసి, దూడలకు తలుగులుగా వాడేస్తాం.